దాలమ్మ దింపు

అనగా అనగా అంటే ఎప్పుడని మాత్రం అడగకండి. ఇప్పుడు బస్సు మూలుగుతూ ఎక్కే ఆ కొండదారిలో కాలిబాట తప్ప మరేమీ లేని రోజుల నాటి మాట. పిల్లలూ వినొచ్చు, పెద్దవాళ్లూ వినొచ్చు. వినేవాళ్లు మాత్రం ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే చెప్పేవాళ్లకి దారి తెలియదు.

ఆ కొండల కింద ఒక దొరగారి కోట ఉండేది. కోటలో ఒక మేనా ఉండేది. మేనా అంటే ఏమిటో తెలుసా? పైన గూడు, చుట్టూ తెరలు, లోపల పరుపు. కింద చక్రాలుండవు. చక్రాలుండాల్సిన చోట మనుషులుంటారు.

ఆ మనుషుల్ని బోయీలు అనేవారు. కోట వెనక బోయీల పేట. దొర కబురు వస్తే తింటున్న కంచం ముందునుంచి కూడా లేచి వెళ్లాలి. కూలి ఉండదు. కాదనడానికి ఉండదు. దాన్నే వెట్టి అన్నారు. తాత మోశాడు కాబట్టి తండ్రి మోశాడు. తండ్రి మోశాడు కాబట్టి కొడుకు మోస్తాడు. అంతే.

ఆ మేనాకి ఒక కట్టుబాటు ఉండేది. కోట గుమ్మంలో ఎత్తితే, వెళ్లే ఊరి గుమ్మంలోనే దించాలి. మధ్యలో దాని కోళ్లు, అంటే కింది కాళ్లు, నేలకి తగలకూడదు. వాన వచ్చినా ఆగదు. ఏరు వచ్చినా ఆగదు. మనిషి పడినా ఆగదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది జాగ్రత్తగా వినండి. మేనాకి ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. వెనకవాళ్లకి మేనా అడ్డం, దారి కనపడదు. అందుకని ముందున్న పెద్దబోయీ దారి చూసి కేక వేస్తాడు.

"రాయి ఉంది!"

మిగిలిన ముగ్గురూ, "ఊఁ!"

"గొయ్యి ఉంది!"

"ఊఁ!"

"ముల్లు ఉంది!"

"ఊఁ!"

ఆ కేకే వాళ్లకి కళ్లు. ఆ ఊఁ కొట్టడమే వాళ్లకి ఊపిరి.

పెద్దబోయీ పేరు పోలయ్య. అతని పక్కన ముందు భుజం జోగులుది. వెనక గంగులు, చిట్టెయ్య. అలిసినవాళ్ల భుజం మార్చడానికి మరో ఇద్దరు పక్కనే నడుస్తారు. అందరికంటే వెనక జోగులు పెళ్లాం దాలమ్మ. పొట్టి మనిషి. నెత్తిమీద మంచినీళ్ల కుండ. ఆ నీళ్లు దొరవి. బోయీలు వాటి వంక చూడొచ్చు గానీ తాగకూడదు.

ఒక ఎండాకాలం పొద్దున దొర కొండ అవతలి ఊరికి బయల్దేరాడు. ముందు రోజునుంచే జోగులుకి జ్వరం. దాలమ్మ అతని నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడి తీసేసింది.

"మావా, ఒళ్లు పెనంలా కాలతంది. ఇయేల ఎల్లకు."

"ఎల్లకపోతే ఎవులు మోత్తారే?"

"నా భుజం ఇత్తాను. నీకంటే నానే గట్టి."

జోగులుకి అంత జ్వరంలోనూ నవ్వొచ్చింది. "నువ్వు పట్టినావంటే మేనా ఓ పక్కకి ఒరిగిపోద్ది. దొర జారి నీ కుండలో పడతాడు."

"పడనీ. తాగడానికి నీళ్లు దగ్గరవుతాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వుకున్నది అదే చివరిసారి.

కొండ సగం ఎక్కాక ఇప్పచెట్ల మలుపు వస్తుంది. అక్కడ దారి ఇరుకు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. సరిగ్గా అక్కడ జోగులు మోకాళ్లు వంగాయి. వంగినవి మళ్లీ నిలబడలేదు. కాడి కిందనుంచి జారి దారికడ్డంగా బోర్లా పడ్డాడు.

పక్కన నడుస్తున్న మనిషి చటుక్కున ఆ ఖాళీలో భుజం దూర్చాడు. మేనా ఒక్క జానెడు ఊగింది. అంతే. మళ్లీ సర్దుకుంది.

దాలమ్మ వెనకనుంచి అరిచింది. "దించండి! దించండి! నా మావ పడిపోనాడు!"

పోలయ్య కిందికి చూశాడు. చూసి కేక వేశాడు.

ఏమని వేశాడో తెలుసా?

"అడ్డం ఉంది!"

"ఊఁ!" అన్నారు వెనకవాళ్లు. అని, కాలెత్తి, దాటారు. రాయిని దాటినట్టు దాటారు. పడిపోయిన చెట్టు మొద్దును దాటినట్టు దాటారు. మేనా తెరలు మెల్లగా ఊగుతూ మలుపు తిరిగిపోయాయి.

దాలమ్మ కళ్లు చూసింది బుద్ధికి ఎక్కలేదు. కాసేపటికి కుండ దించి, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, దొర నీళ్లు అతని పెదాల మీద పోసింది. కొన్ని లోపలికి వెళ్లాయి. కొన్ని చెంప మీదనుంచి మట్టిలోకి వెళ్లాయి.

దూరంనుంచి పోలయ్య గొంతు వినిపించింది. "గొయ్యి ఉంది!"

ఒళ్లో ఉన్న జోగులు కళ్లు మూసుకునే, "ఊఁ," అన్నాడు.

అదే అతని చివరి మాట. ఊపిరి పోతూ కూడా మేనాకి ఊఁ కొట్టి పోయాడు.

మర్నాడు పాడె కట్టారు. మేనా మోసిన భుజాలే పాడె మోశాయి. ముందు పోలయ్య, వెనక గంగులూ చిట్టెయ్యా. జోగులు చోట ఇంకెవరో.

చిన్నవాళ్లకి తెలియదేమో, మన వైపు ఒక ఆచారం ఉంది. శవాన్ని శ్మశానానికి తీసుకెళుతూ సగం దారిలో పాడె ఒకసారి దించుతారు. దించి, చెవి దగ్గర నోరు పెట్టి పేరు ముమ్మారు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతాడేమోనని. దాన్ని దింపుడు కళ్లం అంటారు. ఆడవాళ్లు అక్కడిదాకా వెళ్లొచ్చు. ఆ పైన వెళ్లకూడదు.

అక్కడ దించారు. పోలయ్య వంగి పిలిచాడు. "జోగులూ!"

పలకలేదు.

"ఒరే జోగులూ!"

పలకలేదు.

"తమ్ముడా, జోగులూ!"

గాలి కూడా పలకలేదు. మళ్లీ ఎత్తబోతుంటే దాలమ్మ పాడె కాడి పట్టుకుంది. ఏడుపు లేదు. గొంతు మామూలుగానే ఉంది.

"పోలయ్య బావా, ఇక్కడ ఎందుకు దించినారు?"

పోలయ్య తెల్లబోయాడు. "ఆచారం కదే దాలీ. ఒకేల పేణం ఉంటే, పిలిస్తే పలుకుతాడని."

"పేణం పోయినోడికి పేణం ఉంటాదేమోనని దించినారు. నిన్న పేణం ఉన్నోడు పడితే దాటీసినారు."

తాతల నాటినుంచి శవాల్ని దించుతున్నారు. తాతల నాటినుంచి మనుషుల్ని దాటుతున్నారు. ఈ రెండూ చేసేవి ఒకే కాళ్లని ఎవరికీ తోచలేదు. గంగులు తన పాదాల వంక చూసుకున్నాడు, అవి తనవి కానట్టు. పాడె మళ్లీ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

దాలమ్మ ఎవర్నీ తిట్టలేదు. ఎవర్నీ శపించలేదు. ఒక్క మాట మాత్రం అడుగుదామనుకుంది.

మొదట గంగులు గుడిసెకి వెళ్లింది. "మరిదీ, మేనా ఆపొద్దని నీకెవులు సెప్పినారు?"

గంగులు గుంజకి ఆనుకుని కూలబడ్డాడు. "మాకు దారి కనపడదొదినా. పెద్దోడు అడ్డం అన్నాడు. నాను ఊఁ అన్నాను. కాలెత్తినాను. కాలికి మెత్తగా తగిలింది. యెచ్చగా తగిలింది. రాయి అలగ యెచ్చగా ఉంటాదేటొదినా? అప్పుడే తెలిసిపోనాది. తెలిసినా కాలు ఆగనేదు." చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "నాకెవులూ సెప్పనేదు. పెద్దోడినడుగు."

అక్కడినుంచి పోలయ్య గుడిసెకి వెళ్లింది. "బావా, మేనా ఆపొద్దని నీకెవులు సెప్పినారు?"

"మా అయ్య సెప్పినాడే. ఆడికి ఆళ్లయ్య సెప్పినాడు. దొర ఒప్పుకోడని."

"దొర నీతో అన్నాడా?"

పోలయ్య ఆలోచించాడు. నెరిసిన మీసం దువ్వుకుని మళ్లీ ఆలోచించాడు. "దొర నాతో ఏనాడు మాటాడినాడే? నా ఈపే సూసినాడు ఇన్నేళ్లూ. దొరనే అడగాల."

దొరనెవరు అడుగుతారు? కానీ దొర కోటనుంచే కబురు వచ్చింది. దొర కుండలో నీళ్లు బోయీ నోట్లో పోసిందట, వచ్చి జవాబు చెప్పుకోవాలట. పేటంతా గుండెలు చేత్తో పట్టుకుంది. దాలమ్మ మాత్రం కుండ నెత్తినెట్టుకుని బయల్దేరింది. తను వెళ్లాలనుకున్న చోటికే పిలుపు వచ్చింది కదా.

దొర పెద్ద మండువాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతను అడగకముందే దాలమ్మ అడిగింది.

"బాబూ, నీళ్లు నానే పోసినాను. శిక్ష ఏటేస్తారో ఎయ్యండి. ఒక్క మాట సెప్పండి. నా మావ పడిపోతే మేనా ఆపొద్దని తవరే కదా సెప్పినారు?"

దొర ఉయ్యాల ఆపాడు. "ఎవరు పడ్డారు? ఎక్కడ?"

"ఇప్పసెట్ల మలుపులో, బాబూ. సచ్చిపోనాడు."

దొర పక్కనున్న బంట్రోతు వంక చూశాడు. మళ్లీ దాలమ్మ వంక చూశాడు. "అదెప్పుడు? నేను నిద్రపోయాను. నాకు కుదుపు కూడా తెలియలేదే!"

దాలమ్మ నెత్తిమీద కుండ జారి ముక్కలైంది. దాన్ని పట్టుకోవాలని కూడా ఆమెకి తోచలేదు.

నిద్రపోయాడు! ఎవరికి భయపడి కాలు ఆగలేదో ఆ మనిషి నిద్రపోయాడు. వీళ్ల నాన్నలూ తాతలూ ఎవరి కోపానికి వణికి దారంతా మనుషుల్ని వదిలేసి పోయారో, ఆ కోపం అసలు మేలుకునే లేదు.

"అయితే ఆపొద్దని తవరెప్పుడూ అననేదా, బాబూ?"

"నేనా? ఏనాడూ అనలేదు." దొర నవ్వాడు. "అనే అవసరమే రాలేదు. మీరే ఆపలేదు." తరవాత నవ్వు తగ్గించి బల్ల మీద అరచేత్తో చరిచాడు. "ఇన్నాళ్లూ ఎవరూ అనకపోతే, ఇప్పుడు నేనంటున్నాను. మేనా ఆగదు. మనిషి పడినా ఆగదు. వెళ్లి మీ పేటలో చెప్పు. వచ్చే గురువారం మళ్లీ కొండ దాటాలి. కుండ మోయడానికి ఇంకొకర్ని పంపండి. నువ్వు ఇక కోట ఛాయలకి రాకు."

దాలమ్మ పేటకి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఒక ముసలమ్మ అయితే, "మా పెద్దోడూ ఆ మలుపులోనే కదే పోనాడు... అంటే... ఎవులూ సెప్పకుండానే పోనాడా?" అని అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.

చిట్టెయ్య చేదుగా నవ్వాడు. "మంచి పని సేసినావొదినా. ఇంతకు ముందు ఎవులూ సెప్పనేదు. ఇప్పుడు సెప్పించుకొచ్చినావు."

"అవును. సెప్పిన నోరేదో ఇప్పుడు తెలిసింది కదా," అంది దాలమ్మ. "ఇంతకు ముందు గాలితో తగువాడాల. ఇప్పుడు మనిషితో."

పోలయ్య వైపు తిరిగింది. "బావా, గురువారం నాను మలుపులో పడుకుంటాను. దాటాలంటే దాటండి. నాను అడ్డు సెప్పను. ఒక్కటే అడుగుతాను. రాయుంటే రాయని పిలుత్తావు. గొయ్యుంటే గొయ్యని పిలుత్తావు. ముల్లుంటే ముల్లని పిలుత్తావు. నన్ను సూసి అడ్డం అని పిలవకు. అక్కడ ఏటున్నదో అదే పిలువు."

పోలయ్య లేచి గుడిసెలోకి వెళ్లిపోయాడు.

గురువారం వచ్చింది. మేనా లేచింది. దొర లోపల వాలి కూర్చున్నాడు, ఈసారి మెలకువగానే. ముందు ఇద్దరు బంట్రోతులు, చేతుల్లో కర్రలు.

"రాయి ఉంది!" "ఊఁ!"

"గొయ్యి ఉంది!" "ఊఁ!"

"ముల్లు ఉంది!" "ఊఁ!"

ఇప్పచెట్ల మలుపు వచ్చింది. దారికడ్డంగా, జోగులు పడ్డ చోటనే, దాలమ్మ పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. తల దగ్గర ఒక కొత్త కుండ, నిండా నీళ్లు. బంట్రోతులు రెక్కలు పట్టి లాగారు. పక్కకి లాగితే మళ్లీ వచ్చి పడుకుంది. కర్రతో కొట్టారు. కొట్టినా కదలలేదు. ఇంతలో మేనా వచ్చేసింది.

"ఏమిటది?" అన్నాడు దొర తెర లోపలినుంచి.

"ఆ పొట్టిది బాబూ, అడ్డంగా పడుకుంది."

"దాటండి!"

నిజంగానే అన్నాడు. తాతల నాటినుంచి ఎవరూ అనని మాట, అందరూ విన్నామనుకున్న మాట, మొట్టమొదటిసారి వాళ్ల చెవుల్లో పడింది. ఊహించుకున్నప్పుడు అంత భయంకరంగా ఉంటుందనుకోలేదు.

పోలయ్య దాలమ్మ వంక చూశాడు. దాలమ్మ పోలయ్య వంక చూసింది. ఆయన నోరు తెరిచాడు. వెనకవాళ్లు కేక కోసం కాచుకుని కాలు గాలిలో ఉంచారు.

అప్పుడు కొండ దద్దరిల్లేలా కేక వేశాడు.

"మనిషి ఉంది!"

వెనకనుంచి ఊఁ రాలేదు. ఆ కేక వాళ్లెప్పుడూ విన్నది కాదు. రాయికి ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు. గొయ్యికి ఏం చెయ్యాలో తెలుసు. మనిషికి ఏం చెయ్యాలి?

"మనిషి!" పోలయ్య గొంతు బొంగురుపోయింది. "దించండిరా!"

"ఊఁ!" అన్నాడు గంగులు ఏడుస్తూ. "ఊఁ!" అన్నాడు చిట్టెయ్య.

మేనా కోళ్లు నేలకి తగిలాయి. చిన్న చప్పుడే. కానీ ఆ చప్పుడుకి బంట్రోతులు చెవులు మూసుకున్నారు. కొండ విరిగి పడుతుందనుకున్నారేమో. ఏమీ పడలేదు. ఒక పిట్ట కూత ఆపి మళ్లీ మొదలుపెట్టింది. అంతే.

దొర తెర చించుకున్నంత పని చేసి బయటికొచ్చాడు. ఎత్తమన్నాడు. ఎవరూ ఎత్తలేదు. కర్రలు లేచాయి. వీపులు వంచారు గానీ భుజాలు వంచలేదు. దారి కింద మూడు పల్లెలున్నాయి. వాటికి కబురు పంపించాడు, మోయడానికి మనుషుల్ని తెమ్మని.

మొదటి పల్లెనుంచి కుమ్మరివాళ్లు వచ్చారు. "ఏటయింది?" అని అడిగారు. విన్నారు. మట్టిచేతులు తుడుచుకుని దాలమ్మ పక్కన కూర్చున్నారు.

రెండో పల్లెనుంచి గొర్రెలవాళ్లు వచ్చారు. విన్నారు. గొర్రెల్ని దారి నిండా వదిలేసి కూర్చున్నారు.

మూడో పల్లెనుంచి చేపలవాళ్లు వచ్చారు. "మా అన్న కూడా దొర మూటలు మోత్తా ఇక్కడే పోనాడు," అన్నాడొకడు. వాళ్లూ కూర్చున్నారు.

పొద్దు వాలింది. ఇక చేసేదేమీ లేక దొర కోట వైపు దిగడం మొదలుపెట్టాడు. కాలినడకన. దారిలో పల్లెల ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చారు చూడ్డానికి. వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూసినవి తెరలే. ఒకావిడ పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఓలమ్మో! దొరకి కాళ్లున్నాయే!" అంది. పైకే అంది. దొరకీ వినపడింది.

ఇక్కడితో అంతా బాగయిపోయిందని చెప్పను. అది అబద్ధం అవుతుంది. ఆ ఏడు దొర మనుషులు బోయీల గుడిసెలు తగలబెట్టారు. పోలయ్య కుడిచెయ్యి విరగ్గొట్టారు. పేటవాళ్లు ఏటి అవతలికి పోయి కుమ్మరివాళ్ల దొడ్లలో తలదాచుకున్నారు. కష్టం తక్కువేమీ పడలేదు. కానీ మేనా కాడి కింద పెట్టడానికి మాత్రం చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఒక్క భుజం దొరకలేదు. బంట్రోతులు ఎలాగో కోటకి ఈడ్చుకొచ్చిన మేనా మండువాలో మూల పడింది. పరుపు మీద కోళ్లు గుడ్లు పెట్టాయి.

దాలమ్మ ఆ మలుపులోనే చిన్న పాక వేసుకుంది. దారిన పోయేవాళ్లకి కుండలో నీళ్లు పోసేది. ఏ ఊరని అడగలేదు, ఎవరని అడగలేదు. ఎవరైనా మూట మోసుకొస్తుంటే మాత్రం, "ముందు దించు నాయనా. దించినాక తాగు," అనేది. జుట్టు ముగ్గుబుట్ట అయ్యేదాకా అలాగే ఉంది.

ఆమె పోయినప్పుడు పాడె కాడి కింద ఎవరెవరి భుజాలున్నాయో లెక్క తేలలేదు. కుమ్మరివాళ్లవి, గొర్రెలవాళ్లవి, చేపలవాళ్లవి. మామూలు దింపుడు కళ్లం దగ్గర వాళ్లు ఆగలేదు. కొండెక్కి ఇప్పచెట్ల మలుపుకి తీసుకెళ్లారు. అక్కడ దించారు. పోలయ్య బాగా ముసలివాడయ్యాడు, కళ్లు కూడా ఆనవు. ఎడం చేత్తో తడుముకుంటూ వంగి, ఆమె చెవి దగ్గర పిలిచాడు.

"దాలమ్మా!"

పలకలేదు.

"దాలమ్మా!"

పలకలేదు.

"దాలీ! అమ్మా, దాలీ!"

అప్పుడు జనంలోంచి ఎవరో, "ఊఁ," అన్నారు. ఎవరో తెలియదు. వెంటనే పక్కవాళ్లు, "ఊఁ". ఆ వెనకవాళ్లు, "ఊఁ". మలుపంతా, లోయంతా ఊఁ కొట్టింది. పోలయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. "ఎవులది? పలికినాదా?" అని అడిగాడు. "పలికినాది తాతా," అన్నారు.

ఆ చోటుని ఇప్పటికీ దాలమ్మ దింపు అంటారు. ఆ వైపు దేవుడి ఊరేగింపు కొండెక్కితే దేవుడి పల్లకీ కూడా ఆ మలుపులో నేల మీద దించాల్సిందే. మోసినవాళ్లు కుండలో నీళ్లు తాగాకే దేవుడు కదులుతాడు. సంతలో గానీ, పొలంలో గానీ, బస్టాండులో గానీ ఎవరైనా కళ్లు తిరిగి పడితే ఆ ఊళ్లవాళ్లు, "అయ్యో, ఏమైంది," అని మొదలుపెట్టరు. మొట్టమొదట, "మనిషి!" అని కేక వేస్తారు. ఆ కేక వినగానే చేతిలో ఏది ఉంటే అది కింద పెట్టేస్తారు. సంచీ అయినా, తట్ట అయినా, పెళ్లికూతురు సారె అయినా సరే.

పల్లకీ దించినప్పుడు ముందున్న మనిషి ఆమె పేరు ముమ్మారు పిలుస్తాడు. మూడోసారికి అక్కడున్న ఎవరైనా పలకాలి. పెద్దవాళ్లైనా సరే, పిల్లలైనా సరే. దారిన పోతూ ఆగిన కొత్తవాళ్లైనా సరే. పలకకుండా పల్లకీ ఎత్తరు.

దాలమ్మా!

దాలమ్మా!

దాలమ్మా!

... ఊఁ కొట్టండి మరి.